ఎంజీబీకి సూపర్‌చార్జర్: తిరుపతి ఎండలో నిలబడాలంటే

బ్రిటన్ పాత స్పోర్ట్స్ కారు ఎంజీబీకి సూపర్‌చార్జర్, అంటే ఇంజన్‌లోకి గాలిని తోసే బ్లోయర్, బిగించడం తీరిగ్గా చేసుకుంటే రెండు వారాంతాల పని. బిగించిన ఇంజన్ మే నెల దాటి బతకడం వేరే సంగతి. కిట్‌తో వచ్చే పుస్తకాలన్నీ చల్లటి దేశాల్లో రాసినవి. వాళ్ళ లెక్కలో బయటి గాలి 15 డిగ్రీలు. మన రేణిగుంట రోడ్డులో మధ్యాహ్నం పూట 42 డిగ్రీలు మామూలే, బానెట్ కింద ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. దానికి తోడు ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలు ఈ20, 20 శాతం ఇథనాల్ కలిపింది. ఈ రెండూ ఆ పుస్తకాల్లో ఉండవు కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు కాగితాల సంగతి. 50 ఏళ్ళు దాటిన కారును వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేసుకునే వీలు 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో వచ్చింది. నంబరులో వీఏ అని ఉండేది అదే. దానికి షరతు ఏమిటంటే బండి అసలు రూపంలోనే ఉండాలి, ఇంజన్‌లో గాని చాసీలో గాని పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా కంపెనీ ఇచ్చిన వివరాలు మారిపోయేలా బండిని మార్చొద్దంటుంది. అందుకని ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే స్పానర్ పట్టుకోండి. ఏం చేసినా వెనక్కి తీసేలా చేయండి: బాడీకి కొత్త రంధ్రం వేయొద్దు, హెడ్‌ను కోయొద్దు, పాత మానిఫోల్డు, రెండు ఎస్‌యూ కార్బురేటర్లు, లింకేజీ, హీట్ షీల్డు అన్నీ నూనె రాసి ఒకే పెట్టెలో దాచండి.

ఇంజన్ విషయానికొస్తే, 1962 నుంచి 1980 దాకా వచ్చిన నాలుగు సిలిండర్ల ఎంజీబీలన్నిటిలోనూ 1798 సీసీ బీ-సిరీస్ ఇంజనే. మన అంబాసడర్‌లో దశాబ్దాల పాటు నడిచిన 1489 సీసీ ఇంజన్‌దీ ఇదే కుటుంబం. కాబట్టి అంబాసడర్ ఓవర్‌హాలింగ్ చేసిన పాత మెకానిక్కు ఎవరైనా ఆటోనగర్‌లో ఉంటే ఆయనకు రాకర్ షాఫ్టు, ట్యాపెట్ కవర్ల దగ్గర కొత్తగా చెప్పాల్సింది ఉండదు. 1964 చివరి నుంచి క్రాంక్‌కు ఐదు మెయిన్ బేరింగులు పెట్టారు. అంతకు ముందువి మూడు బేరింగుల ఇంజన్లు. మూడు బేరింగుల దానికి బ్లోయర్ పెట్టొచ్చు గాని, దాన్ని ఉన్నదున్నట్టుగా వదిలేయడమే నాకిష్టం.

బ్లోయర్ పెట్టే ముందు ఇంజన్ ఆరోగ్యం చూడాలి. వేడి ఇంజన్, నాలుగు ప్లగ్గులూ తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ చూడండి. 8.8 కంప్రెషన్ నిష్పత్తి ఉన్న ఇంజన్‌లో 150 నుంచి 170 పీఎస్‌ఐ దాకా ఉండాలి, సిలిండర్ల మధ్య తేడా పది శాతం మించకూడదు. అంతకన్నా ముఖ్యం లీక్‌డౌన్ టెస్టు, అంటే సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత పోతోందో చూడటం. 15 శాతం దాటి గాలి పోతుంటే ఎటు పోతోందో చెవి పెట్టి వినండి. సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గర వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే గాస్కెట్ లేదా పగిలిన హెడ్. వేడెక్కిన ఇంజన్ రోడ్డు మీద 50 నుంచి 80 పీఎస్‌ఐ ఆయిల్ ప్రెషర్ చూపాలి. ఈ మూడిట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా డబ్బు బ్లోయర్ మీద కాదు, ఇంజన్ మీద పెట్టండి.

హెడ్ దించితే ఎగ్జాస్ట్ సీట్లు గట్టి ఇన్సర్టులో కాదో చూడండి. సీసం కలిపిన పెట్రోలు రోజుల్లో ఇనుప హెడ్‌లోనే కోసిన సీట్లు ఇవి. సీసం లేని పెట్రోలుకే అరిగిపోతాయి, బూస్ట్ (బ్లోయర్ పెంచే గాలి పీడనం) తోడైతే ఇంకా త్వరగా కిందికి దిగి ట్యాపెట్ సందు మింగేస్తాయి. బీ-సిరీస్ హెడ్‌లో ఇన్లెట్ పోర్టులు రెండే, ఎగ్జాస్ట్ పోర్టులు మూడు. 2, 3 సిలిండర్ల పొగ ఒకే పోర్టులోంచి పోతుంది. అందుకే వేడి అంతా నడుమ పోగవుతుంది, పగుళ్ళు కూడా అక్కడే మొదలవుతాయి. మెషిన్ షాపులో పగుళ్ళ పరీక్ష చేయించి, హెడ్ అడుగు 0.05 మి.మీ. లోపు చదునుగా ఉందో స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో చూడండి. హెడ్ నట్లు 45 నుంచి 50 పౌండ్-అడుగులు, అంటే 61 నుంచి 68 న్యూటన్ మీటర్లు. మూడు విడతల్లో, నడుమ నుంచి అంచులకు. సుమారు 200 కి.మీ. తిరిగాక చల్లారిన ఇంజన్ మీద ఒక్కో నట్టు కొంచెం వదులు చేసి మళ్ళీ టార్క్‌కు తీసుకురండి. దాని తర్వాత ట్యాపెట్లు 0.38 మి.మీ.కు.

ఇంకో మాట. క్లచ్ 8 అంగుళాలది, అదీ అరిగిందైతే మొదటి ఫుల్ థ్రాటిల్‌కే జారుతుంది. బ్రేకులు, వెనక స్ప్రింగులు, టైర్లు ముందు బాగు చేసుకోవాలి. అది వేరే పోస్టు.

ఏ బ్లోయర్, ఎంత వేగం

పాతకాలపు పేర్లు వినే ఉంటారు: షోరాక్, మార్షల్-నార్డెక్, జడ్సన్. ఎంజీ అంటేనే బ్లోయర్ అన్న రోజులున్నాయి. 1933లో టూరిస్ట్ ట్రోఫీని టాజియో నువొలారి గెలిచింది బ్లోయర్ ఉన్న ఎంజీ కే3తోనే, అదీ 1087 సీసీ ఇంజన్‌తో. షోకు కోసం, కాలానికి తగ్గట్టుగా ఉండాలనుకుంటే పాత షోరాక్ వెతుక్కోండి. రోజూ తిప్పాలంటే మాత్రం ఈటన్ ఎం45 మేలు. ఎం45 అంటే ఒక చుట్టుకు 45 ఘనపు అంగుళాల గాలి, మన లెక్కలో 737 సీసీ. 2002 నుంచి 2006 దాకా వచ్చిన మినీ కూపర్ ఎస్‌లో ఇదే ఉండేది. పాత మెర్సిడెస్ కొంప్రెసర్ కార్లలోనూ ఈటన్ బ్లోయర్లే వాడారు. చెన్నై పుదుపేటలోనో బెంగళూరు జేసీ రోడ్డులోనో సెకండ్ హ్యాండ్‌ది కనిపిస్తే బేరానికి ముందు నాలుగు చూడాలి. పుల్లీని చేత్తో తిప్పితే ఎక్కడా గీసుకోకుండా తిరగాలి. ముందుకీ వెనక్కీ లాగితే ఆట ఉండకూడదు. లోపల రోటర్ల మీద పూత పెచ్చులుగా లేచి ఉండకూడదు. ముక్కు (పుల్లీ ఉన్న ముందు భాగం) దగ్గర ఆయిల్ కారిన మరక ఉంటే సీలు పోయినట్టే. మినీ నుంచి తీసిన బ్లోయర్‌కు ఇంకో చిక్కుంది. ఆ కారులో వాటర్ పంపు తిరిగేది బ్లోయర్ వెనక ఉన్న గేర్లతోనే. ఎంజీబీకి అది అక్కర్లేదు కాబట్టి ఆ వెనక భాగానికి మూత తయారు చేయించాలి, ఆ గేర్ల గదిలో ఆయిల్ మట్టుకు ఉంచాలి.

ఎంత వేగంతో తిప్పాలన్నది ఊహించి పెట్టకూడదు. లెక్క చిన్నదే. నాలుగు స్ట్రోకుల ఇంజన్ ఒక చుట్టుకు తన సీసీలో సగం పీలుస్తుంది, అంటే 899 సీసీ. నిజానికి నిండేది 85 శాతం అనుకుంటే 764. బ్లోయర్ కూడా సందుల్లోంచి కొంత వదిలేస్తుంది, 737లో 88 శాతం వేసుకుంటే 649. 6 పీఎస్‌ఐ బూస్ట్ కావాలంటే పీడనం 1.4 రెట్లు, కాని వేడెక్కిన గాలి పలచబడుతుంది కాబట్టి, పెట్రోలు ఆవిరై కొంత చల్లబరిచేది కలుపుకున్నా, సాంద్రత సుమారు 1.28 రెట్లే వస్తుంది. 764ను 1.28తో హెచ్చించి 649తో భాగిస్తే 1.5. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే బ్లోయర్ ఒకటిన్నర చుట్లు తిరగాలన్న మాట. క్రాంక్ పుల్లీ 130 మి.మీ. ఉంటే బ్లోయర్ పుల్లీ 87 మి.మీ. 5500 ఆర్‌పీఎం దగ్గర బ్లోయర్ 8250 తిరుగుతుంది, ఎం45కు అది పెద్ద శ్రమేమీ కాదు. ఆ వేగంలో దాన్ని తిప్పడానికి ఇంజన్ ఖర్చు పెట్టేది ఏడు కిలోవాట్ల దాకా, అంటే తొమ్మిది హార్స్ పవర్.

ఇక్కడే అందరికీ చేతులు దురద పెడతాయి. పుల్లీ ఇంకో 5 మి.మీ. తగ్గిస్తే ఒక పీఎస్‌ఐ పైగా వస్తుంది, తగ్గిద్దామా అని. వద్దు. రూట్స్ బ్లోయర్ గాలిని లోపల నొక్కదు, తోసి పంపుతుంది అంతే. దాని సామర్థ్యం 55 శాతం వేసుకోండి. 15 డిగ్రీల గాలి 6 పీఎస్‌ఐకి నొక్కాక 70 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. 42 డిగ్రీల గాలి 100 దాటుతుంది. కార్బురేటర్ బ్లోయర్‌కు ముందుంటే పెట్రోలు ఆవిరవుతూ ఇందులో కొంత చల్లబరుస్తుంది, అంతా కాదు. ఇంటర్‌కూలర్ లేని ఇనుప హెడ్, 8.8 కంప్రెషన్‌తో మన ఎండలో 6 పీఎస్‌ఐ పైమెట్టు. వేసవిలో కూడా తిప్పుతానంటే 5 చాలు. 8 కంప్రెషన్ పిస్టన్లు ఉన్న ఇంజన్ అయితే 7 దాకా వెళ్ళొచ్చు. 6 పీఎస్‌ఐలో మొత్తం మీద దక్కేది 20 నుంచి 25 శాతం. కాని అది 2000 ఆర్‌పీఎం నుంచే చేతికొస్తుంది. పాకాల వైపు లారీని దాటేటప్పుడు మూడో గేరుకు దిగక్కర్లేదు, అసలు లాభం అక్కడుంది.

బూస్ట్ గేజ్ గురించి ఒక అపోహ కూడా తీరిపోవాలి. అది చూపేది ఇంజన్ మింగలేక మానిఫోల్డులో మిగిలిపోయిన గాలిని. పోర్టులు శుభ్రం చేయించి, మంచి ఎగ్జాస్ట్ వేస్తే అదే పుల్లీతో బూస్ట్ తగ్గుతుంది, బలం పెరుగుతుంది. గేజ్‌లో అంకె తగ్గిందని బాధపడి పుల్లీ కోయించే వాళ్ళున్నారు.

బిగింపు

ఎంజీబీలో ఇన్లెట్, ఎగ్జాస్ట్ రెండూ ఎడమ పక్కనే. డిస్ట్రిబ్యూటర్, ఆయిల్ ఫిల్టర్ కుడి పక్కన. మన రైట్ హ్యాండ్ కార్లలో స్టీరింగ్ కాలమ్ కూడా కుడివైపే కాబట్టి ఎడమ పక్క చోటు దొరుకుతుంది. చిక్కంతా కింద ఉన్న ఎగ్జాస్ట్ మానిఫోల్డుతో. బ్లోయర్ దాని నెత్తిన కూర్చుంటుంది. మధ్యలో 2 మి.మీ. అల్యూమినియం రేకు, దాని అడుగున సిరామిక్ దుప్పటి, రెండు పక్కలా కనీసం 10 మి.మీ. గాలి సందు ఉండాలి. ఎగ్జాస్ట్‌కు గుడ్డ చుట్టడం కంటే సిరామిక్ కోటింగ్ మంచిది. చుట్టిన గుడ్డ వానాకాలం తేమను పట్టుకుని ఇనుమును తినేస్తుంది.

మానిఫోల్డు ఫ్లాంజి చదును చూడాలి. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ పలకలకు కొదవ లేదు గాని మెరుపు చూసి చదును అనుకోవద్దు. 10 మి.మీ. మందం ఫ్లోట్ గ్లాస్ మీద 220 నంబరు ఎమరీ పేపర్ అంటించి ఫ్లాంజిని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దితే ఎక్కడ పల్లముందో కనిపిస్తుంది. ఇన్లెట్, ఎగ్జాస్ట్ ఫ్లాంజిల మందం ఒకటే ఉండాలి. రెంటినీ ఒకే వాషర్లు నొక్కుతాయి కాబట్టి ఒకటి అర మిల్లీమీటరు పల్చనైనా అక్కడ గాలి లీకవుతుంది. స్టడ్లు 5/16 యూఎన్‌ఎఫ్ (అంగుళాల మర), నట్లు 15 పౌండ్-అడుగులు. తిరుపతి హార్డ్‌వేర్ షాపుల్లో చేతికిచ్చేది ఎం8 మెట్రిక్. కొలత దాదాపు ఒకటే కనిపిస్తుంది, మర వేరు. బలవంతంగా ఎక్కిస్తే స్టడ్డు మర పోతుంది. పాత అంబాసడర్ స్పేర్లు అమ్మే చోట యూఎన్‌ఎఫ్ ఇంకా దొరుకుతుంది.

బరువంతా ఆ స్టడ్ల మీద వేలాడదీయొద్దు. బ్లోయర్ ముక్కు దగ్గర నుంచి ఇంజన్ ముందు ప్లేటుకు ఒక బ్రాకెట్, వెనక నుంచి బ్లాకుకు ఒక సపోర్టు తప్పనిసరి. బ్రాకెట్ 10 మి.మీ. అల్యూమినియం ప్లేటో 8 మి.మీ. ఇనుప ప్లేటో కావాలి. పల్చటి యాంగిల్‌తో చేస్తే బెల్టు లాగినప్పుడల్లా వంగి పుల్లీ పక్కకు తిరుగుతుంది, బెల్టు ఊడుతుంది. ఊడిన ప్రతిసారీ బెల్టును తిట్టి లాభం లేదు.

బెల్టు 6పీకే. క్రాంక్ పుల్లీకి ముందు ఆరు గాడుల పుల్లీ వేరేగా బోల్టు చేస్తారు. లేత్ మీద తిప్పించేటప్పుడు గాడి నుంచి గాడికి 3.56 మి.మీ. ఉండాలని కాగితం మీద రాసివ్వండి, కంటితో చూసి తిప్పితే పనికిరాదు. డయల్ గేజ్‌తో చూస్తే వొంపు 0.1 మి.మీ. మించకూడదు. పుల్లీల వరస స్టీలు స్కేలు ఆనించి చూస్తే 1 మి.మీ. లోపుండాలి. చిన్న పుల్లీ చుట్టూ బెల్టు కనీసం 150 డిగ్రీలు చుట్టుకునేలా ఐడ్లర్ (బెల్టును నొక్కి పట్టే చిన్న పుల్లీ) పెట్టండి. క్రాంక్ నట్టు 70 పౌండ్-అడుగులు. రబ్బరు డ్యాంపర్ ఉన్న పుల్లీ అయితే బయటి రింగు జారి ఉండొచ్చు. అప్పుడు టైమింగ్ గుర్తు అబద్ధం చెబుతుంది. మొదటి ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాప్ పెట్టి అసలు టీడీసీ (పిస్టన్ పైఅంచుకు చేరే చోటు) కనుక్కుని, కొత్తగా గీత గీయండి. ఇది మానేసిన వాళ్ళకు తర్వాత టైమింగ్ అంకెలన్నీ వట్టివే.

బ్లోయర్ ముక్కులో ఆయిల్ ప్రత్యేకమైనది, ఇంజన్ ఆయిల్ పోయకూడదు. బ్లోయర్‌ను చదునుగా ఉంచి ఫిల్లర్ ప్లగ్గు అంచు దాకా పోయాలి. ఎక్కువ పోస్తే వేడికి సీలు దాటి రోటర్లలోకి వస్తుంది.

బైపాస్ వాల్వు కొందరు దండగనుకుంటారు. మన ఊళ్ళో అది ఉండాల్సిందే. మానిఫోల్డు నుంచి కార్బురేటర్‌కూ బ్లోయర్‌కూ మధ్యకు ఒక పైపు, దాని మీద వాక్యూమ్‌తో తెరుచుకునే వాల్వు. మెల్లగా పోతున్నప్పుడు గాలి తిరిగి వెనక్కే పోతుంది, బ్లోయర్ ఊరికే తిరుగుతుంది, వేడెక్కదు. లీలామహల్ సర్కిల్ దగ్గర ఆగి ఆగి పోయే ట్రాఫిక్‌లో దాని విలువ తెలుస్తుంది. మానిఫోల్డు మీద స్ప్రింగుతో మూసి ఉండే రిలీఫ్ వాల్వు కూడా పెట్టాలి, 10 పీఎస్‌ఐ దగ్గర తెరుచుకునేలా. డ్రా-త్రూ పద్ధతిలో, అంటే కార్బురేటర్ బ్లోయర్‌కు ముందున్నప్పుడు, బ్లోయర్, మానిఫోల్డు నిండా ఉండేది గాలి కాదు, పెట్రోలు కలిసిన గాలి. ఒక్క బ్యాక్‌ఫైర్ వచ్చిందంటే రిలీఫ్ లేని చోట గాస్కెట్టో రోటరో పోతుంది. రిలీఫ్ వాల్వు నోరు ఎగ్జాస్ట్ వైపు ఉండకూడదు. కారులో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా మొదటి స్టార్ట్ చేయొద్దు.

పాత పీసీవీ వాల్వు (క్రాంక్‌కేసు ఆవిరిని లాగేది) మానిఫోల్డుకు కలిపి ఉంటే తీసేయండి. లేకపోతే బూస్ట్ నేరుగా క్రాంక్‌కేసులోకి పోయి, వెనక సీలు నుంచి, డిప్‌స్టిక్ నుంచి ఆయిల్ బయటికి తన్నుతుంది. బ్రీతర్‌ను కార్బురేటర్‌కు ఉన్న బ్రీతర్ ముక్కుకు కలిపితే సరిపోతుంది, అక్కడ ఎప్పుడూ వాక్యూమే. బ్రేక్ సర్వో ఉన్న కార్లలో దాని వన్-వే వాల్వు నోటితో ఊది చూడండి. ఒక వైపే పోవాలి.

పెట్రోలు, సూది

డ్రా-త్రూకి ఒక్క ఎస్‌యూ చాలు, 1¾ అంగుళాల హెచ్‌ఐఎఫ్44 గాని హెచ్‌ఎస్6 గాని. కార్బురేటర్ ముందుంది కాబట్టి పెట్రోలు ప్రెషర్ పెంచక్కర్లేదు, పాత ఎస్‌యూ పంపు ఇచ్చే 3 పీఎస్‌ఐ సరిపోతుంది. పరిమాణం మాత్రం చూడాలి. కార్బురేటర్ దగ్గర పైపు తీసి క్యానులో పట్టండి. నిమిషానికి లీటరు రావాలి. రాకపోతే ట్యాంకులోని తుప్పు, ఫిల్టరు, పంపు పాయింట్లు ఆ వరసలో చూడండి.

ఈ20 విషయంలో రెండు పనులు. పాత రబ్బరు పైపులన్నీ తీసి ఇథనాల్ తట్టుకునే ఆర్9 రకం పైపు వేయడం, ఫ్లోట్ నీడిల్‌కు విటాన్ మొన ఉన్నది పెట్టడం. పాత పైపులు లోపలి నుంచి ఉబ్బి, పొట్టు రాలి జెట్‌లో చేరతాయి. బూస్ట్‌లో ఉన్నప్పుడు జెట్‌కు పొట్టు అడ్డొస్తే పిస్టన్ కరుగుతుంది, అంత సూటిగా ఉంటుంది సంబంధం. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. మనకు గట్టి వానలు అక్టోబరు, నవంబరుల్లో. ఆ రెండు నెలలు కారు షెడ్డులో ఉంటే ట్యాంకు నిండుగా ఉంచండి.

మామూలు పెట్రోలుకు గాలి-పెట్రోలు నిష్పత్తి 14.7 అయితే ఈ20కి 13.5. అంటే కార్బురేటర్ జెట్‌లో కదులుతూ పెట్రోలు కొలిచే సూది అదే ఉంచితే మిశ్రమం ఎనిమిది శాతం పలచబడుతుంది. వేరే దేశంలో ఎవరో చెప్పిన సూది నంబరు ఇక్కడ పనిచేయకపోవడానికి ఇదే కారణం. వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఎగ్జాస్ట్‌లో పెట్టి, ఆ నిష్పత్తి (ఏఎఫ్‌ఆర్) కాకుండా లాంబ్డా చదవండి (1.0 అంటే సరిగ్గా సరిపోయే పెట్రోలు, తగ్గితే చిక్కన), అప్పుడు పెట్రోలు ఏదైనా గందరగోళం ఉండదు. ఐడిల్‌లో 0.95, మెల్లగా పోయేటప్పుడు 1.0 దగ్గర, 6 పీఎస్‌ఐలో 0.80 నుంచి 0.83. సూది కొలతలు ఎనిమిదో వంతు అంగుళానికి ఒకటి చొప్పున ఇస్తారు. మిశ్రమం ఏ చోట పలచగా ఉందో కనుక్కుని ఆ చోట సన్నగా ఉన్న సూది ఎంచుకోవాలి, లేదా డ్రిల్‌లో పెట్టి 600 నంబరు పేపర్‌తో మెల్లగా అరగదీయాలి. అరగదీసింది మళ్ళీ రాదు, కాబట్టి కొంచెం కొంచెంగానే. మొదట మాత్రం మిశ్రమం చిక్కగా ఇచ్చే సూదితో మొదలుపెట్టి, సూదులు మారుస్తూ పలచటి వైపు రండి. కార్బురేటర్ పిస్టన్ స్ప్రింగు ఎరుపుది 4½ ఔన్సులు. బూస్ట్‌లో ఆ పిస్టన్ తొందరగా పైకెళ్ళి అతుక్కుంటే పసుపుది, 8 ఔన్సులది వేయండి.

ఒక జాగ్రత్త. 1, 2 సిలిండర్లకు ఒక పోర్టు, 3, 4కు ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి జంటలో లోపలి సిలిండర్ ముందు పీలుస్తుంది, బయటిది వెంటనే తర్వాత. నాలుగిటికీ ఒకే మిశ్రమం అందదు. లాంబ్డా మీటరు నాలుగిటి సగటే చెబుతుంది. అందుకే ఫుల్ లోడ్‌లో నడిపి, క్లచ్ తొక్కి, ఒకేసారి ఇగ్నిషన్ ఆపి పక్కకు తీసి ప్లగ్గులు నాలుగూ చూడాలి. ఒక్కటి మిగతావాటికంటే తెల్లగా ఉన్నా, పింగాణీ మీద మెరిసే చుక్కలు ఉన్నా సగటు ఎంత బాగున్నా లాభం లేదు.

టైమింగ్

ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి, ఎన్‌జీకే బీపీ6ఈఎస్ బదులు బీపీ7ఈఎస్, సందు 0.6 మి.మీ. మామూలు ఇంజన్ గరిష్ఠంగా 32 డిగ్రీల దాకా అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరక ముందే నిప్పురవ్వ వేయడం) తీసుకుంటుంది. బూస్ట్‌లో పీఎస్‌ఐకి ఒకటి నుంచి ఒకటిన్నర డిగ్రీ వెనక్కి లాగాలి. 6 పీఎస్‌ఐకి 24 దగ్గర మొదలుపెట్టండి. పాత లూకస్ డిస్ట్రిబ్యూటర్‌ను ఊరికే తిప్పి వెనక్కి పెడితే ఐడిల్‌లో కూడా వెనక్కే ఉంటుంది, ఎగ్జాస్ట్ ఎర్రగా కాలుతుంది, రేడియేటర్ మరుగుతుంది. వెయిట్ల ప్రయాణం తగ్గించడం ఒక దారి. డిస్ట్రిబ్యూటర్‌లో 10 డిగ్రీలు అంటే క్రాంక్‌లో 20. దాన్ని 7కు తగ్గిస్తే క్రాంక్‌లో 14, వెయిట్లు కదలక ముందే ఉండే స్టాటిక్ 10తో కలిపి 24. దీనికంటే మానిఫోల్డు ప్రెషర్ చదివే ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ ఖరీదుకు తగింది. 3000 ఆర్‌పీఎం పైన మొదటి పట్టికగా వాక్యూమ్‌లో 34, సున్నా దగ్గర 30, 3 పీఎస్‌ఐకి 27, 6కు 24 పెట్టుకోండి. మే నెలకు ఇంకో రెండు తగ్గించిన పట్టిక వేరేగా ఉంచుకోవడం మంచిది.

బ్లోయర్ ఈలలో నాకింగ్ (పెట్రోలు తనంతట తానే పేలే చప్పుడు) చెవికి వినపడదు. 6 మి.మీ. రాగి గొట్టం ఒక చివర నలగ్గొట్టి, రంధ్రం వేసి బ్లాకుకు బోల్టు చేయండి. రెండో చివర రబ్బరు పైపు తొడిగి క్యాబిన్‌లో చెవి మఫ్‌కు పెడితే చిటపట స్పష్టంగా వినిపిస్తుంది. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు వినాలి, నడిపేవాళ్ళు రోడ్డు చూడాలి. చిటపట వినపడిన క్షణం కాలు తీయడం తప్ప వేరే ఆలోచన వద్దు.

రేడియేటర్ కోరు కొత్తది వేయించి, థర్మోస్టాట్ 82 బదులు 74 డిగ్రీలది పెట్టండి. వేడి మీద ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాకపోతే కార్బురేటర్‌లో పెట్రోలు మరిగి మానిఫోల్డులోకి పొంగినట్టు. థ్రాటిల్ పూర్తిగా తొక్కి పట్టి క్రాంక్ చేయండి, పంపు చేయొద్దు. ఆపాక కూడా ఐదు నిమిషాలు ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరిగేలా టైమరు రిలే పెడితే ఈ బాధ చాలావరకు పోతుంది.

రోడ్డు మీద

మొదటి రోజు 3000 ఆర్‌పీఎం, 3 పీఎస్‌ఐ దాటొద్దు. చంద్రగిరి దాకా వెళ్ళి వచ్చి బెల్టు బిగువు, పైపుల క్లిప్పులు, మానిఫోల్డు నట్లు చూడండి. తర్వాత మూడో గేరులో కొంచెం కొంచెంగా లోడ్ పెంచుతూ లాంబ్డా రాసుకోవాలి. అసలు పరీక్ష ఎత్తు ఎక్కేటప్పుడే, ఎందుకంటే చదును రోడ్డు మీద బూస్ట్ పది సెకన్లు మించి ఉండదు. చిత్తూరు నుంచి పలమనేరు వెళ్ళే దారిలో మొగిలి ఘాట్ దీనికి సరైన చోటు. భాకరాపేట ఘాట్ మలుపులు ఎక్కువ, గేజ్‌లు చూసే తీరిక దొరకదు. తిరుమల ఘాట్ రోడ్డు మీద ఈ ప్రయోగాలు చేయొద్దు. అక్కడ వేగానికి కట్టడి ఉంది, ముందూ వెనకా బస్సుల్లో జనం ఉంటారు, దర్శనానికి పోయే దారిని టెస్ట్ ట్రాక్ చేయడం బాగుండదు కూడా.

ఘాట్‌లో కనిపించే జబ్బులు కొన్నే. 3500 దగ్గర 5 పీఎస్‌ఐ చూపి, 4500 పైన పడిపోతోందంటే మొదట బెల్టు కవర్ దగ్గర నల్లటి పొడి ఉందేమో చూడండి. ఉంటే బెల్టు జారుతోంది. పొడి లేకపోతే కార్బురేటర్‌కూ బ్లోయర్‌కూ మధ్య ఒక గేజ్ పెట్టండి. ఫుల్ థ్రాటిల్‌లో అక్కడ 1 పీఎస్‌ఐ కంటే ఎక్కువ వాక్యూమ్ ఉంటే ఎయిర్ ఫిల్టరో కార్బురేటరో చిన్నదన్న మాట. ఐడిల్‌లో బ్లోయర్ ముక్కులో గలగలమంటూ, వేగం పెంచితే ఆగిపోతే లోపలి కప్లింగ్ అరిగింది. వెంటనే ముంచదు గాని మార్చాలి. వేగంతో పాటు పెరిగే గరగర బేరింగుది, ఆ కారును అక్కడే ఆపాలి. కాసేపు మెల్లగా పోయి, మళ్ళీ తొక్కినప్పుడు నీలం పొగ వస్తే వాల్వ్ గైడ్లు గాని బ్లోయర్ సీలు గాని. ముక్కులో ఆయిల్ మట్టం తగ్గితే రెండోది.

వాటర్ పంపు, ఆల్టర్నేటర్ పాత వీ-బెల్టు మీదే ఉంచండి, బ్లోయర్‌కు వేరే బెల్టు. అన్నిటికీ ఒకే పొడుగాటి బెల్టు వేస్తే చూడ్డానికి నీటుగా ఉంటుంది గాని, అది తెగితే నీళ్ళు తిరగడం కూడా ఆగిపోతుంది. వేరుగా ఉంటే బ్లోయర్ బెల్టు తెగినా బైపాస్ లోంచి ఇంజన్ పీలుస్తుంది. గట్టిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి బైపాస్ మూసుకుంటుంది, ఇంజన్ గుక్క తిప్పుకోలేదు. కాలు పైపైన పెట్టి, 2000 ఆర్‌పీఎం దాటకుండా తోలితే మొగిలి నుంచి బంగారుపాళెం దాకా దిగి రావచ్చు. డిక్కీలో ఒక 6పీకే బెల్టు, ఐడ్లర్ నట్టుకు సరిపోయే స్పానరు ఉంటే అక్కడే మార్చుకుని మళ్ళీ ఘాట్ ఎక్కొచ్చు.